నాలుగో ట్యాంకు నిండుకుంది

ఎండరోజు 58

ఇవాళ పట్టీ అచ్చయింది గానీ గురవమ్మత్త మధ్యలో చదవడం ఆపేసింది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఆపలేదట. ఆపించింది నేను.

పొద్దున ఐదున్నరకి అచ్చుయంత్రం పిడి నలభైసార్లు తిప్పితే మూరెడు కాగితం బయటికి వస్తుంది. ట్యాంకుల్లో నీళ్ళెన్ని, దీపాలెన్ని వెలుగుతున్నాయి, బయట పనికి ఎవరు వెళ్ళారు, అన్నీ అందులో ఉంటాయి. అదే పట్టీ నేల కిందున్న మా ఊరి నుంచి తీగ మీద పైన మిట్టకి వెళ్తుంది. మాట తీగ పోయిన ఎండల్లో కరిగిపోయింది కాబట్టి అక్షరాలు మాత్రమే, రోజుకి ఒక్కసారి మాత్రమే. మిట్టలో ఒక మనిషి పట్టీ చదివి, నీళ్ళు కావలసిన ట్యాంకు వాల్వు తిప్పుతాడు. యంత్రం లెక్కపెట్టవచ్చు, తిప్పకూడదు. తిప్పేది మనిషి చెయ్యి, అదీ పట్టీ చదివాకే. దీన్ని చేతి చట్టం అంటాం. ఆ చట్టం ఎందుకొచ్చిందో చిన్నప్పుడు బడిలో ఏడుస్తూ నేర్చుకున్నాం. మళ్ళీ రాసుకోను.

పట్టీ తయారుచేసే ప్రోగ్రాం నాకంటే నలభై ఏళ్ళు పెద్దది. నేను ఈ పనిలో చేరేదాకా ఖాళీ అయిన ప్రతి ట్యాంకు పక్కనా 0000.00 అని కొట్టేది. నడిమి హాల్లో నిలబడి అందరికీ పట్టీ చదివి వినిపించే గురవమ్మత్త, ఆ సున్నాల వరసని తన మాటల్లోకి మార్చుకుని చెప్పేది. చదువుకున్నదాన్ని కదా, నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ప్రోగ్రాంలో ఒక మూల, ఏ విలువ ఎలా కనబడాలో మనమే సూత్రం రాసుకునే చోటు ఉంది. సూత్రం లోపలి విలువని ముట్టుకోదు, దానికి బట్టలు తొడుగుతుంది అంతే. మూడు నెలలు కూర్చుని అన్నిటికీ మాటలు తొడిగాను. సున్నా వస్తే "లేవు" అని కొట్టించాను. ఆ మాటలతో ఇవాళే మొదటి పట్టీ.

ఇవాళ అత్త "నాలుగో ట్యాంకు..." అని ఆగి, కళ్ళజోడు తీసింది.

"ఏందమ్మాయ్ ఇది?"

"ఏమైందత్తా?"

"లేవు అని కొట్టావేంది?"

"లేవు కాబట్టి. నిన్న మీ మిషనే కదా తాగేసింది."

నాలుగో ట్యాంకు డయాలసిస్ మిషనుది. మిగతా ట్యాంకుల నీళ్ళలో సున్నం ఎక్కువ, రక్తం కడగడానికి పనికిరావు. మంగళవారం, శుక్రవారం ముగ్గురికి చేస్తారు. ముగ్గురిలో గురవమ్మత్త ఒకరు. చేసిన మర్నాటికి ట్యాంకు ఖాళీ అవుతుంది, మిట్టవాళ్ళు నింపుతారు.

"తాగితే తాగింది. పొద్దున్నే నాలుగొందలమంది ముందు నా నోటెంట లేవు అనిపియ్యబాక. వేరే మాట పెట్టు."

"వేరే మాటేముంది అత్తా, ఉన్నది ఉన్నట్టు..."

"డబ్బాలో బియ్యం అయిపోతే మీ అమ్మ ఏమనేది?"

అమ్మ డబ్బా అడుగు గీకుతూ అన్న మాట చెవిలో వినబడింది. బియ్యం నిండుకున్నాయే, అనేది. ఏడేళ్ళప్పుడు పరిగెత్తుకెళ్ళి మూత తీసి చూసి, అమ్మ అబద్ధాలాడుతుందని ఏడ్చాను కూడా.

హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు. సరే, మారుస్తానన్నాను.

ఎండరోజు 59

డయాలసిస్ గది నర్సు జైతూన్ అక్క టీ ఇచ్చి చెప్పింది, అత్తకి ఆ మాటంటే ఎందుకు పడదో.

పట్టీలో మనుషుల వరస కూడా ఉంటుంది. లోపలుంటే "ఉన్నాడు", బయట పనికి వెళ్ళి ఉంటే "లేడు". అది నేను రాసింది కాదు, మొదట్నుంచీ ఉన్నదే. పదేళ్ళ కిందట ఒక పొద్దున అత్త అందరిలాగే తన భర్త పేరు కూడా చదివింది. "వీరనారాయణ, లేడు." సోలార్ పలకలు తుడవడానికి తెల్లారుజామునే పైకి వెళ్ళాడు కాబట్టి లేడు. మధ్యాహ్నానికి ఎండదెబ్బతో అక్కడే పోయాడు.

"తన నోటితో ముందే చెప్పేశానని ఆమె లోపల్లోపల అనుకుంటది మేదినీ. ఎవరితో అనదు. నువ్వు అడగబాక."

అడగలేదు. వచ్చి సూత్రం రాశాను:

విలువ 0 అయితే "నిండుకుంది". 20 కంటే తక్కువైతే "అడుగంటింది". కాకపోతే విలువ, పక్కన "బిందెలు".

రాశాక చెయ్యి ఆగలేదు. ఆరిపోయిన దీపాలకి "కొండెక్కింది" అని పెట్టాను. కాలేజీలో నాలుగేళ్ళు గణాంకాలు చదివితే రాని సంతోషం వచ్చింది. నూట యాభై దీపాలు, పదకొండు ట్యాంకులు మా అమ్మలాగా మాట్లాడుతున్నాయి!

ఎండరోజు 62

అత్త గొంతు పెంచి మరీ చదివింది. "నాలుగో ట్యాంకు, నిండుకుంది. మూడో గల్లీ ఆరో దీపం, కొండెక్కింది." హాల్లో చప్పట్లు. పోతూ పోతూ నా బుగ్గ గిల్లి, "చదువంటే ఇదే మరి" అంది.

ఈ చోటు వదిలి తీరం ఓడల్లో పనికి పోవాలని నేను పెట్టుకున్న దరఖాస్తు ఇవాళంతా గుర్తే రాలేదు. మామూలుగా రోజుకి నాలుగుసార్లు గుర్తొస్తుంది.

ఎండరోజు 66

మిట్టలో వాల్వుల దగ్గరుండే పెద్దాయన పని మానేశాడట, చూపు తగ్గి. అరవై ఏళ్ళాయన, నా కొత్త మాటలు ఏ ఇబ్బందీ లేకుండా చదువుకున్నాడు. ఆయన చోట్లో కెజియా అని ఒకమ్మాయి వచ్చింది. ఇవాళ ఆమె మొదటి జాబు తీగ మీద వచ్చింది:

"మీ మూడో గల్లీ ఆరో దీపం ఏ కొండ మీద ఉన్నదో తెలియజేయగలరు."

అత్త అది కూడా పట్టీతోపాటు చదివేసింది. హాలంతా పడీ పడీ నవ్వింది. మిట్టవాళ్ళు మూతి బిగించుకుని బతికే రకం అనుకుంటే, ఈ పిల్ల ఇంత చమత్కారంగా ఉందేంటి అని అందరికీ ఆశ్చర్యం. నీటి కమిటీ పెద్ద కోటిలింగం గారు సైతం మీసం దువ్వుకుని, "శ్రీశైలం కొండ మీదుందని రాయి అమ్మాయ్" అన్నారు.

రాశాను.

ఎండరోజు 69, బుధవారం

నాలుగో ట్యాంకు, నిండుకుంది. నిన్న డయాలసిస్ జరిగింది కాబట్టి మామూలే. మధ్యాహ్నానికల్లా పైపులో నీళ్ళ చప్పుడు వినబడాలి.

వినబడలేదు.

ఎండరోజు 70, గురువారం

ఇవాళా అదే మాట. రేపు శుక్రవారం. జైతూన్ అక్క రెండుసార్లు వచ్చి పైపుకి చెవి ఆనించి వెళ్ళింది.

కోటిలింగం గారు జాబు చెప్పారు, నేను రాశాను. "నాలుగో ట్యాంకు నిండుకుని రెండు రోజులైంది. వెంటనే తగు చర్య తీసుకోగలరు." పట్టీ వెనకే పంపాను.

ఎండరోజు 71, శుక్రవారం

మిట్ట నుంచి జవాబు: "జాబు అందింది. చర్య తీసుకున్నాను. కెజియా."

పైపు మాత్రం పొడిగానే ఉంది. డయాలసిస్ జరగలేదు. గదిలో మూడు మంచాలు, ముగ్గురు మనుషులు, మిషను మీద గుడ్డ. మిగతా ఇద్దరికీ ఇంకా కొంచెం సొంత బలం ఉందట, రెండ్రోజులు ఆగగలరట. అత్త పాదాలు మాత్రం వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతున్నాయి. అయినా పొద్దున పట్టీ తనే చదివింది. స్టూలు మీద కూర్చుని, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

కోటిలింగం గారికి కోపం తలకెక్కింది.

"చర్య తీసుకుందంట! ఎక్కడ తీసుకుంది, సంకలోనా? మన కూరలు తింటా మన నీళ్ళు ఆపుతారా? రేపట్నుంచి మిట్టకి ఆకుకూర పంపేది లేదు."

"ఒకసారి ఇంకో జాబు రాసి చూద్దామండీ."

"రాయి. ఈసారి గట్టిగా రాయి."

గట్టిగా రాశాను. నాకు గట్టిగా రాయడం బాగా వచ్చు. "నాలుగో ట్యాంకు నిండుకుందని చెప్పినా మీరు లక్ష్యపెట్టడం లేదు. ఇది ప్రాణాలతో చెలగాటం."

లోపల విలువ మూడు రోజులుగా కదలకుండా సున్నా. విలువల పెట్టె తెరిచి చూశాను. సున్నాయే ఉంది. యంత్రం అబద్ధం చెప్పడం లేదు. మరి ఎవరు?

ఎండరోజు 72, శనివారం

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను. చేతులు ఇంకా మండుతున్నాయి.

పొద్దున ఆరింటికి పట్టీ, దాని వెనకే నిన్న రాసిన జాబు పైకి వెళ్ళాయి, పావుగంటకి మిట్ట జవాబు కిందికొచ్చింది. ఇక మళ్ళీ రేపటిదాకా తీగ పలకదు. కోటిలింగం గారు జవాబు లాక్కుని చదివారు:

"క్షమించండి. మొదటిసారి చక్రం సగమే తిప్పాను. ఇప్పుడు పూర్తిగా బిగించి తాళం కూడా వేశాను. ఇక ఒక్క చుక్క కూడా పొంగదు. ఎవరి ప్రాణానికీ భయం లేదు."

"చూశారా పొగరు! తాళం వేసిందంట! ఎగతాళి చేస్తందిరా మనల్ని!"

హాలంతా గోల. నేను మాత్రం ఒక్క మాట దగ్గర ఆగాను. పొంగదు. ఖాళీ ట్యాంకు ఎలా పొంగుతుంది?

ఏడేళ్ళప్పుడు మూత తీసి చూసిన బియ్యం డబ్బా కళ్ళముందుకొచ్చింది.

"అయ్యో" అన్నాను. బయటికే అన్నట్టున్నాను.

"ఏందమ్మాయ్?"

"ఎగతాళి కాదండీ. ఆ అమ్మాయి నిజంగానే నిండిందనుకుంది. నిండుకుంది అంటే నిండిపోయిందనుకుంది. మనం ఎన్నిసార్లు మొత్తుకుంటే అన్నిసార్లు ఇంకా గట్టిగా మూసింది."

కోటిలింగం గారు జవాబు ఇంకోసారి చదువుకున్నారు. కాసేపటికి, "అంటే ఆ దీపం కొండ కూడా..." అన్నారు. "నిజంగానే అడిగిందా?"

అంతలో జైతూన్ అక్క వచ్చింది. అత్తకి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందట. "సాయంత్రంలోగా మిషను నడవాల. రేపు పొద్దున దాకా తీగ కోసం ఎదురుచూస్తే నేనేం చెప్పలేను."

మిట్టకి ఏడు వందల ఎనభై మెట్లు. ఆపైన బయట మూడు వందల అడుగుల నడక, అక్కడ ఎండ. తడి గోనె కప్పుకుని బయల్దేరాను. మెట్ల గురించి రాసేదేమీ లేదు, ఎక్కాలి, ఎక్కాను. బయట నడక గురించీ లేదు. తడి గోనె సగం దూరంలోనే పొడిదైపోయింది, ఇనప తలుపు ముట్టుకుంటే అరచేతులు కాలాయి.

తలుపు తీసిన అమ్మాయికి నా వయసే ఉంటుంది. నన్ను చూసి నీళ్ళ చెంబు అందించి, "దయచేసి ఆసీనులు కండి" అంది. ఆ మాటకే నాకు సగం అర్థమైపోయింది.

"కెజియా, నాలుగో ట్యాంకు తెరువు."

"నిండి ఉన్నదాన్ని ఎలా తెరుస్తాను? పొంగిపోతుంది కదా?"

"నిండలేదు. ఖాళీగా ఉంది. నాలుగు రోజుల నుంచి."

"మీ పట్టీలో నిండుకున్నదని స్పష్టంగా ఉంది." గోడకి వరసగా గుచ్చిన కాగితాలు చూపించింది. ఒక్క రోజుది కూడా పోగొట్టలేదు. "నిండు అంటే పూర్ణం. దానికి కొను చేరింది. తనంతట తాను పూర్ణమైనది. వ్యాకరణంలో చూశాను కూడా."

"వ్యాకరణం సరే. మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమంటారు?"

"అయిపోయాయి అంటాం."

"మీ అమ్మ కూడా?"

"అమ్మ లేదు. నేనూ నాన్నా పంపులూ. నాన్న ఎక్కువ మాట్లాడడు. నేను యంత్రాల పుస్తకాలు చదివి నేర్చుకున్నాను." ఎంత మామూలుగా అందో. లేదు అన్న మాట ఆమె నోట్లో ఒక మాట, అంతే.

చెప్పాను. బియ్యం గురించి, పసుపు గురించి, ఆరిపోయిన దీపం గురించి, వెళ్ళేటప్పుడు వస్తాను అనడం గురించి. ఆమె మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"దీపం కోసం నేను నిజంగానే వెనక కొండ ఎక్కాను. రెండుసార్లు" అంది. ఆ తర్వాత, "ఆ ట్యాంకు దేనికి?" అంది.

దేనికో చెప్పాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"నేను ఆవిడని..."

"నువ్వు కాదు. సూత్రం నేను రాశాను. బియ్యం నిండుకున్నాయి అంటారు, డబ్బా నిండుకుంది అనరు. నేను నీళ్ళని వదిలేసి ట్యాంకుకి తగిలించాను. ముందు తెరువు, ఎవరి తప్పెంతో తర్వాత పంచుకుందాం."

లేచింది. చక్రం దాకా వెళ్ళి ఆగింది.

"పట్టీ కావాలి. నోటిమాట మీద తిప్పితే నన్ను శాశ్వతంగా ఈ పని నుంచి తీసేస్తారు. తీసేసినా ఫరవాలేదు, తిప్పుతాను. కానీ మీరు రాసిస్తే మంచిది."

కాలిన వేళ్ళతో పెన్సిలు పట్టుకున్నాను. ఆమె గోడమీది కాగితం ఒకటి తిరగేసి ఇచ్చింది. ఎన్ని రోజులుగా ఎన్ని మాటలు తొడిగానో, ఇప్పుడు ఒక్కటీ తొడగబుద్ధి కాలేదు. "నాలుగో ట్యాంకులో నీళ్ళు లేవు. పోయండి."

చదివింది. పైకే చదివింది, చేతి చట్టం ప్రకారం. తాళం తీసి, చక్రం మీద బరువంతా వేసి తిప్పింది. తనే అంత గట్టిగా బిగించింది కదా, ఇద్దరం పట్టుకుంటే గానీ కదల్లేదు. నా చెయ్యి పడినట్టు ఎక్కడా రాయొద్దని తను అంది. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి మిషను మీద గుడ్డ తీశారు.

ఎండరోజు 73

అత్తకి వాపు తగ్గింది, గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఏమీ దాచలేదు. కోప్పడుతుందనుకుంటే, నవ్వబోయి దగ్గింది.

"నేను పెట్టమన్న మాటే నా ఊపిరి పట్టిందన్నమాట."

"పెట్టింది నేనత్తా."

"నువ్వు నా కోసం పెట్టావు." కాసేపు పైకప్పుకేసి చూసింది. "జైతూను చెప్పుంటదిలే నీకు, మీ మామ సంగతి."

తల ఊపాను.

"ఆ రోజు ఆ కాగితం తప్పు చెప్పలా మేదినీ. పన్లోకి పోయాడు, లోపల లేడు, లేడంది. అంతే. ఆ మాటకి ఇంకో అర్థం ఉంది కదా, మధ్యాన్నం అది వచ్చి దీని మీద కూకుంది. పదేళ్ళు నేను దాన్ని లేపలా." ఊపిరి తీసుకుంది. "మొన్న పక్క మంచం ఆయన అడిగాడు, నీళ్ళొచ్చినయ్యా అని. నిండుకున్నయ్యని చెప్పా. అర్థమైంది ఆయనకి. అయినా ఆ మాట చెప్తా ఉంటే నాకేమనిపించిందో తెలుసా? అడుక్కోవాల్సిన దగ్గర అలంకారం చేస్తన్నానేందిరా అనిపించింది."

ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దాను.

"కొండెక్కించినవి కూడా దించు" అంది. "ఆ పిల్ల మళ్ళీ ఎక్కుద్ది."

ఎండరోజు 74

సూత్రాలన్నీ మళ్ళీ రాశాను. ఇంట్లో అనుకునే మాట వేరు, ముఖం చూడని మనిషికి పంపే మాట వేరు. ఎదురుగా ఉన్నవాళ్ళు డబ్బా అడుగు గీకుతున్న చప్పుడు వింటారు, అందుకే నిండుకుంది అన్నా పొరుగింటికి చేటతో పరిగెత్తుతారు. తీగ మీద ఆ చప్పుడు వెళ్ళదు. కాబట్టి ఇకనుంచి అంకె ఉంటుంది, పక్కన మాట ఉంటుంది, దాని పక్కన ఏం చెయ్యాలో ఉంటుంది.

మనుషుల వరస కూడా తెరిచాను. దాన్ని ముట్టుకోమని ఎవరూ అడగలేదు. "లేడు" తీసేసి "బయట పనిలో ఉన్నాడు" అని పెట్టాను. ఇది అలంకారం కాదు. సరిగ్గా జరిగేది అదే.

కోటిలింగం గారు మిట్టకి రెండు కట్టలు ఎక్కువ తోటకూర పంపారు. పైన ఒక చీటీ: "శ్రీశైలం సంగతి మన్నించవలెను."

ఎండరోజు 76, బుధవారం

నిన్న మళ్ళీ డయాలసిస్. ఇవాళ నాలుగో ట్యాంకు సున్నా అని తెలుసు, అందుకే కోటిలింగం గారిని చదవమని అడిగాను. ఆయన గొంతు సవరించుకుంటుండగా అత్త జైతూన్ అక్క భుజం పట్టుకుని వచ్చింది.

"ఇటియ్యండి. మీకు చత్వారం."

"మీకు లేదా?"

"నాకు కళ్ళజోడుంది."

స్టూలు మీద కూర్చుంది. ఒకటో ట్యాంకు, రెండో ట్యాంకు, మూడో ట్యాంకు. ఆగింది. హాల్లో పిల్లలు కూడా అల్లరి మానేశారు. నేను కాగితం వైపు చూడలేదు, అందులో ఏముందో నాకు తెలుసు.

"నాలుగో ట్యాంకు" అంది అత్త. "సున్నా బిందెలు. నీళ్ళు." కళ్ళజోడు సవరించుకుంది. "లేవు. పోయండి."

మనుషుల వరసలోకి వెళ్ళి, బయట పనికి వెళ్ళినవాళ్ళలో మొదటి పేరు దగ్గర మళ్ళీ ఆగింది. పైకి చదవకుండా ఒకసారి లోపలే చదువుకుంది. తల ఎత్తి హాల్లో నన్ను వెతికి చూసి, ఇంకేమీ అనకుండా చదవడం మొదలుపెట్టింది. అందరి పేర్లూ అయ్యేసరికి గొంతు జీరపోయింది.

కాగితం మడుస్తుండగా గోడలోంచి వినబడింది. ముందు పైపు టక్కుమంది, తర్వాత గాలి బుసకొట్టింది, ఆ వెనకే నీళ్ళు.

అత్త గోడకి చెయ్యి ఆనించింది.

"చెప్తేనే కదే వచ్చింది" అంది.